బయోఫిల్టర్‌లో ఎవరుంటారు? ఆర్‌ఏఎస్ పద్ధతిలో బాక్టీరియా సముదాయాలు

1. పరిచయం

కిందటి పాఠంలో మీరు కైకలూరు, భీమవరం ప్రాంతాల మట్టి చెరువుల్లో బొచ్చె, శీలావతి పెంపకం గురించి చదివారు. అక్కడ చేపలు విసర్జించే అమ్మోనియాను చాలావరకు నీటిలోని శైవలాలు గ్రహిస్తాయి. మిగిలినదాని సంగతి అడుగు మట్టిలోని బాక్టీరియా చూసుకుంటాయి. అనుభవం ఉన్న రైతు నీటి రంగు చూసి చెరువు పరిస్థితి చెప్పగలిగేది అందుకే.

ఇప్పుడు ఆ చేపలను ఎండ తగలని షెడ్డులోని తొట్టెల్లోకి మార్చామనుకోండి. ఘనపు మీటరు నీటికి చేపల సంఖ్య చెరువుతో పోలిస్తే ఎన్నో రెట్లు పెరుగుతుంది. శైవలాలు లేవు, మట్టి లేదు, రోజూ మార్చే నీరు కూడా కొంచెమే. అదే నీటిని వడగట్టి, గాలి పట్టించి, మళ్ళీ మళ్ళీ తొట్టెల్లోకి పంపుతారు. దీన్నే రీసర్క్యులేటింగ్ ఆక్వాకల్చర్ సిస్టమ్ అంటారు. వాడుకలో ఆర్‌ఏఎస్. చెరువులో ఎండ, శైవలాలు, మట్టి కలిసి చేసే పనిని ఇక్కడ ఒక డ్రమ్ములోనో, టాంకులోనో ఉన్న బాక్టీరియా మాత్రమే చేయాలి. ఆ టాంకు పేరు బయోఫిల్టర్.

2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెద్ద ఆర్‌ఏఎస్ యూనిట్‌కు 50 లక్షల రూపాయల వ్యయ అంచనా పెట్టారు. అందులో సాధారణ వర్గాలకు 40 శాతం, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం రాయితీ. మిగిలిన సొమ్ము రైతు సొంతంగానో అప్పుగానో తెచ్చుకోవాలి. పంపులు, తొట్టెలు, షెడ్డు అన్నీ కంటికి కనిపిస్తాయి, వాటికి బిల్లులుంటాయి. అయితే ఆ పెట్టుబడి నిలుస్తుందా, మునుగుతుందా అన్నది కంటికి కనబడని ఒక జిగురు పొర మీద ఆధారపడి ఉంటుంది. ఈ పాఠం ఆ పొర గురించి.

2. అమ్మోనియా ఎంత, అందులో విషం ఎంత?

చేపలు మాంసకృత్తులను జీర్ణం చేసుకున్నాక మిగిలే నత్రజనిని ప్రధానంగా అమ్మోనియా రూపంలో మొప్పల ద్వారా వదులుతాయి. నీటిలో అది రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అమ్మోనియం అయాన్, దీని వల్ల హాని తక్కువ. రెండోది విద్యుదావేశం లేని అమ్మోనియా. ఇది మొప్పల పొరను సులువుగా దాటుతుంది కాబట్టి విషం. ఈ రెండింటి నిష్పత్తిని పీహెచ్, ఉష్ణోగ్రత నిర్ణయిస్తాయి. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద పీహెచ్ 7 అయితే మొత్తం అమ్మోనియాలో విషరూపం అర శాతానికి కాస్త ఎక్కువ. పీహెచ్ 8 వద్ద అది 5 శాతం దాటుతుంది. పీహెచ్ 9 వద్ద 36 శాతం. ఉష్ణోగ్రత 30 డిగ్రీలకు చేరితే పీహెచ్ 8 వద్దే 7 శాతం పైన ఉంటుంది. మన వేసవి షెడ్డుల్లో ఇది మామూలే. అందుకే పీహెచ్ చెప్పకుండా "అమ్మోనియా ఒక మిల్లీగ్రాము ఉంది" అంటే అది సగం సమాచారమే.

3. ఇసుక గొట్టంలో మొదలైన కథ

అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చేది జీవులే అని తేల్చిన ప్రయోగం ఒక చిన్న బయోఫిల్టర్‌లోనే జరిగింది. 1877లో ఫ్రాన్స్‌లో షోలెసింగ్, మ్యూంట్జ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇసుక, సున్నపురాయి పొడి నింపిన గొట్టం గుండా మురుగునీటిని నెమ్మదిగా పంపారు. దాదాపు 20 రోజుల వరకు మార్పు లేదు. ఆ తరువాత కిందికి వచ్చే నీటిలో నైట్రేట్ కనిపించసాగింది. అమ్మోనియా మాయమైంది. గొట్టంలోకి క్లోరోఫాం ఆవిరి పంపితే నైట్రేట్ ఆగిపోయింది. క్లోరోఫాం తీసేసినా తిరిగి రాలేదు. కొంచెం తాజా మట్టిని కలిపిన నీరు పోశాక మళ్ళీ మొదలైంది. ఇసుకకూ నీటికీ మధ్య జరిగే చర్య కేవలం రసాయనికమైతే మొదట 20 రోజుల ఆలస్యం ఉండకూడదు, మందు పెడితే ఆగకూడదు.

ఈ ప్రయోగంలోని మూడు విషయాలను గుర్తుంచుకోండి: మొదటి ఆలస్యం, మందుకు చనిపోవడం, గొట్టంలో సున్నపురాయి ఉండటం. ఈనాటి చేపల షెడ్డులో ఎదురయ్యే చిక్కుల్లో చాలా భాగం ఈ మూడింటి కిందికే వస్తాయి.

1890 ప్రాంతంలో జ్యూరిచ్‌లో పనిచేస్తున్న వినోగ్రాడ్‌స్కీ ఈ బాక్టీరియాను వేరుచేశాడు. మాంసరసం, జెలటిన్ వంటి మామూలు యానకాల మీద అవి పెరగలేదు. సేంద్రియ పదార్థమే లేని లవణ ద్రావణంలో పెరిగాయి. అమ్మోనియాను ఆక్సీకరించి వచ్చిన శక్తితో కార్బన్ డై ఆక్సైడ్‌ను స్థిరీకరించుకునే ఈ జీవులే రసాయన స్వయంపోషకాలు. ఒక గుంపు అమ్మోనియాను నైట్రైట్ దాకా, మరో గుంపు నైట్రైట్‌ను నైట్రేట్ దాకా తీసుకుపోతాయని ఆయన చూపాడు. నైట్రోసోమోనాస్, నైట్రోబాక్టర్ అనే జంట పేర్లు పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిపోయాయి.

4. జంట పేర్లతో వచ్చిన చిక్కు

నత్రీకరణంలోని రెండు దశల రసాయన సమీకరణాలు నేటికీ చెల్లుతాయి. మారింది ఆ పనివాళ్ళ జాబితా.

ప్రయోగశాలలో ఫ్లాస్కులో పెంచాలంటే అమ్మోనియాను ధారాళంగా వేస్తాం. ధారాళంగా ఉన్నచోట త్వరగా పెరిగేవే గెలుస్తాయి. నైట్రోసోమోనాస్, నైట్రోబాక్టర్ అలా గెలిచే రకం. వందేళ్ళ పాటు మనం ఫ్లాస్కులో గెలిచినవాటినే ఫిల్టర్‌లోనూ ఉన్నాయనుకున్నాం. 1990లలో ఫిల్టర్ నుంచి నేరుగా డీఎన్ఏ తీసి చూసే పద్ధతులు వచ్చాయి. 1998లో హొవనెక్, ఆయన సహచరులు మంచినీటి అక్వేరియం ఫిల్టర్లను పరీక్షిస్తే నైట్రైట్‌ను ఆక్సీకరించే స్థానంలో కనిపించింది నైట్రోస్పైరా, నైట్రోబాక్టర్ కాదు.

తరువాతి ఆశ్చర్యం 2005లో వచ్చింది. అమెరికాలోని సియాటిల్ అక్వేరియంలో ఒక ఉష్ణమండల సముద్రపు తొట్టి అడుగున ఉన్న గులకరాళ్ళ నుంచి నైట్రోసోప్యుమిలస్ మారిటిమస్ అనే సూక్ష్మజీవిని వేరుచేశారు. అది అమ్మోనియాను ఆక్సీకరిస్తుంది, కానీ బాక్టీరియా కాదు, ఆర్కియా. మొదటి సంవత్సరంలో మీరు వర్గీకరణలో చదివిన మూడు అధిక్షేత్రాలను ఒకసారి గుర్తుచేసుకోండి. మొక్కుబడిగా చదివి వదిలేసిన ఆ పాఠం ఇక్కడ పనికివస్తుంది.

ఇక 2015. రెండు దశల పనినీ ఒకే జీవి చేయగలదా? చేయగలదని, పైగా అటువంటి జీవి నెమ్మదిగా పెరిగినా, పొరలుగా, ముద్దలుగా ఉండే చోట నిలదొక్కుకుంటుందని 2006లోనే కోస్టా, పెరెజ్, క్రెఫ్ట్ అనే ముగ్గురు లెక్కల ఆధారంగా ఊహించారు. 2015లో రెండు బృందాలు ఒకేసారి దాన్ని కనుగొన్నాయి. ఒక బృందానికి అది రష్యాలోని ఒక లోతైన బావి గొట్టానికి పట్టిన పొర నుంచి దొరికింది. నెదర్లాండ్స్‌లోని నైమేగన్ నగరపు రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయం వారికి ఎక్కడ దొరికిందో తెలుసా? ఒక ఆర్‌ఏఎస్ బయోఫిల్టర్‌లో! రెండు చోట్లా అది నైట్రోస్పైరా ప్రజాతికి చెందినదే. ఈ సంపూర్ణ నత్రీకరణ జీవులను సంక్షిప్తంగా కొమామాక్స్ అంటున్నారు.

ఇది కేవలం పేర్ల వివాదమా? కాదు. బాగా నడిచే ఆర్‌ఏఎస్‌లో అమ్మోనియా లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపే ఉంటుంది. ఉంచాలన్నదే మన ప్రయత్నం కూడా. అంటే ఫిల్టర్‌లోని జీవులు ఎప్పుడూ అరకడుపుతోనే బతుకుతాయి. కొంచెం అమ్మోనియాను కూడా వదలకుండా పట్టుకోగల జీవులకే అటువంటి చోట లాభం. ఆర్కియా, కొమామాక్స్ నైట్రోస్పైరా రెండింటికీ అమ్మోనియా పట్ల బంధుత్వం నైట్రోసోమోనాస్ కంటే చాలా ఎక్కువ అని కొలతల్లో తేలింది. పెళ్ళిభోజనంలో వేగంగా తినేవాడిది పైచేయి. కరువులో గింజ వదలనివాడిది.

దీనికి మంచి ఉదాహరణ అమెరికాలో మిషిగన్ సరస్సు ఒడ్డున ఉన్న మిల్వాకీ నగరంలో ఉంది. అక్కడి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో యెల్లో పెర్చ్ అనే చేపను ఆర్‌ఏఎస్‌లో పెంచుతారు. వారి బయోఫిల్టర్‌లో నీటి ఒత్తిడికి ఇసుక తేలుతూ కదులుతుంటుంది. ఏళ్ళ తరబడి నడుస్తున్న ఆ ఫిల్టర్‌ను బార్టెల్మె, మెక్‌లెలన్, న్యూటన్ పరిశీలించి 2017లో ఫలితాలు ప్రకటించారు. నత్రీకరణ జీవుల్లో ఆర్కియా, కొమామాక్స్ నైట్రోస్పైరాలదే పైచేయి. ఇంకో సంగతి నాకు మరింత ఆసక్తికరంగా తోచింది. చేపల నిర్వహణ మారినప్పుడల్లా ఫిల్టర్‌లోని మిగతా బాక్టీరియా మారిపోతూ వచ్చాయి, నత్రీకరణ జీవుల గుంపు మాత్రం నిలకడగా ఉంది. సంతకు వచ్చే జనం వారం వారం మారుతుంటారు, దుకాణాలవాళ్ళు మాత్రం వాళ్ళే.

పరీక్షలో నత్రీకరణ దశలను రాయమంటే సమీకరణాలు రాయండి, జంట పేర్లూ రాయండి. కానీ అక్కడితో ఆపకండి. మంచినీటి ఫిల్టర్లలో నైట్రోస్పైరా ముఖ్యమైనదని, కొమామాక్స్, ఆర్కియా పాత్ర ఉంటుందని రెండు వాక్యాలు చేర్చండి.

5. పొర లోపల

బయోఫిల్టర్‌లో ప్లాస్టిక్ బిళ్ళలు, ఇసుక, గులకరాళ్ళు ఏవైనా వాడవచ్చు. వీటిని మీడియా అంటారు. కావలసింది ఉపరితలం. నార్వేలో రూపొందిన కే1 రకం బిళ్ళలకు ఘనపు మీటరుకు 500 చదరపు మీటర్ల రక్షిత ఉపరితలం ఉంటుంది. ఆ ఉపరితలానికి బాక్టీరియా తాము స్రవించే బహుశర్కరల జిగురుతో అతుక్కుని పొరగా ఏర్పడతాయి. చేత్తో తాకితే జారుతుంది. కొత్తగా వచ్చిన పనివాళ్ళు దాన్ని మురికి అనుకుని రుద్ది కడిగేస్తుంటారు.

పొరలో ఆక్సిజన్ పైనుంచి లోపలికి వెళ్తూ తగ్గిపోతుంది. పైభాగంలో పరపోషక బాక్టీరియా ఉంటాయి. మలం, తినకుండా వదిలిన మేత నుంచి వచ్చే సేంద్రియ పదార్థమే వాటి ఆహారం. ఇవి నత్రీకరణ జీవుల కంటే చాలా త్వరగా పెరుగుతాయి. సేంద్రియ పదార్థం ఎక్కువైతే ఇవి దట్టంగా పెరిగి, కింద ఉన్న నత్రీకరణ జీవులకు ఆక్సిజన్ అందకుండా చేస్తాయి. ఆర్‌ఏఎస్‌లో బయోఫిల్టర్‌కు ముందు ఘనపదార్థాలను తీసే డ్రమ్ ఫిల్టర్ లేదా సెటిలింగ్ టాంకు పెట్టడానికి అసలు కారణం ఇదే. నీరు తేటగా కనిపించడం దాని వల్ల వచ్చే అదనపు లాభం. ఖర్చు తగ్గించుకుందామని ఆ భాగాన్ని మానేసినవారు తరువాత బయోఫిల్టర్ పనిచేయడం లేదని వాపోతుంటారు.

పొర మరీ లోపల ఆక్సిజన్ ఉండదు. అక్కడ కొన్ని బాక్టీరియా నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మారుస్తాయి, అంటే వినత్రీకరణం. మంచిదే. కానీ బురద పేరుకున్న మూలల్లో, ముఖ్యంగా సముద్రపు నీటి ఆర్‌ఏఎస్‌లో, సల్ఫేట్‌ను హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మార్చే బాక్టీరియా కూడా చేరతాయి. ఆ వాయువు అతి తక్కువ మోతాదులోనే చేపలను చంపుతుంది. పేరుకున్న బురదను ఒక్కసారిగా కదపకూడదు అనే జాగ్రత్త వెనుక ఉన్నది ఇదే.

మరో నివాసి సంగతి చెప్పకపోతే మార్కెట్లో నష్టపోతారు. స్ట్రెప్టోమైసిస్ వంటి ఆక్టినోబాక్టీరియా జియోస్మిన్ అనే పదార్థాన్ని తయారు చేస్తాయి. తొలకరి వానకు నేల నుంచి వచ్చే వాసన దానిదే. నేల నుంచి వస్తే హాయిగా ఉంటుంది, చేప ముక్క నుంచి వస్తే ఎవరూ కొనరు. అమ్మే ముందు చేపలను మేత పెట్టకుండా కొన్ని రోజులు శుభ్రమైన, ఫిల్టర్‌తో సంబంధం లేని నీటిలో ఉంచడమే దీనికి విరుగుడు.

6. ఫిల్టర్ పక్వం కావడం

ఇ. కోలై అనుకూల పరిస్థితుల్లో 20 నిమిషాలకు ఒకసారి రెట్టింపు అవుతుంది. నత్రీకరణ బాక్టీరియాకు అదే పనికి గంటలు, తరచుగా ఒక రోజు పైగా పడుతుంది. అమ్మోనియా నుంచి దొరికే శక్తి తక్కువ, దానితోనే కార్బన్‌ను స్థిరీకరించుకోవాలి కదా. కనుక కొత్త ఫిల్టర్ పూర్తిగా పనిలోకి రావడానికి సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. షోలెసింగ్ గొట్టంలోని 20 రోజుల ఆలస్యం గుర్తుందా?

ఈ కాలంలో నీటి పరీక్షల్లో ఒక క్రమం కనిపిస్తుంది. మొదట అమ్మోనియా పెరిగి శిఖరానికి చేరి తగ్గుతుంది. అది తగ్గేటప్పుడు నైట్రైట్ పెరుగుతుంది. నైట్రైట్ తగ్గాకే ఫిల్టర్ సిద్ధమైనట్లు. అమ్మోనియా తగ్గగానే సంబరపడి పిల్లలను వదిలితే నైట్రైట్ దెబ్బ కొడుతుంది. అది మొప్పల ద్వారా రక్తంలో చేరి హీమోగ్లోబిన్‌ను మెట్‌హీమోగ్లోబిన్‌గా మారుస్తుంది. నీటిలో ఆక్సిజన్ నిండుగా ఉన్నా రక్తం దాన్ని మోయలేదు. మొప్పలు గోధుమ రంగులోకి మారతాయి. ఈ దశలో మామూలు ఉప్పు వేయమంటారు. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల వద్ద నైట్రైట్‌తో పోటీపడి దాని ప్రవేశాన్ని అడ్డుకుంటుంది. నైట్రైట్‌ను తొలగించదు, ఫిల్టర్ ఎదిగేదాకా గడువు ఇస్తుంది, అంతే.

ఫిల్టర్‌ను త్వరగా సిద్ధం చేసే మందులని దుకాణాల్లో పొడులు అమ్ముతారు. ఇక్కడ మీ సూక్ష్మజీవశాస్త్రం అక్కరకు రావాలి. బాసిల్లస్ బాక్టీరియా సిద్ధబీజాలు ఏర్పరుస్తాయి, కాబట్టి పొడి రూపంలో నెలల తరబడి నిలవ ఉంటాయి. కానీ అవి పరపోషకాలు. సేంద్రియ వ్యర్థాన్ని కుళ్ళబెట్టడంలో తోడ్పడవచ్చు గానీ నత్రీకరణ జీవుల స్థానాన్ని తీసుకోలేవు. అసలైన నత్రీకరణ జీవులకు సిద్ధబీజాలు లేవు. షెల్ఫు మీద ఎండలో ఉన్న పొడి పొట్లం మీద "నైట్రిఫైయింగ్ బాక్టీరియా" అని రాసి ఉంటే కొనే ముందు రెండుసార్లు ఆలోచించమని రైతుకు చెప్పండి. బాగా నడుస్తున్న ఫిల్టర్ నుంచి కొన్ని బిళ్ళలు తెచ్చి వేయడం మెరుగైన దారి. అయితే వాటితో పాటు ఆ షెడ్డులోని వ్యాధులు కూడా వస్తాయి. కాబట్టి చేపలు ఆరోగ్యంగా ఉన్నాయని తెలిసిన చోటి నుంచే తేవాలి.

7. ఒక లెక్క

ఒక షెడ్డులో రోజుకు 20 కిలోల మేత వాడుతున్నారు. మేతలో మాంసకృత్తులు 35 శాతం. మేత బరువును మాంసకృత్తుల భాగంతో, ఆపై 0.092తో గుణిస్తే రోజుకు ఉత్పత్తి అయ్యే అమ్మోనియా నత్రజని వస్తుంది. 20 × 0.35 × 0.092 = 0.644 కిలోలు.

ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని నైట్రేట్‌గా మార్చడానికి 4.57 గ్రాముల ఆక్సిజన్ కావాలి. 0.644 కిలోలకు సుమారు 2.9 కిలోలు. ఇది చేపలకు కాదు, ఫిల్టర్‌లోని జీవులకు మాత్రమే! అదే గ్రాముకు 7.14 గ్రాముల క్షారత్వం, కాల్షియం కార్బొనేట్ లెక్కలో, ఖర్చవుతుంది. అంటే రోజుకు 4.6 కిలోలు. దీన్ని వంటసోడా, అంటే సోడియం బైకార్బొనేట్, రూపంలో ఇవ్వాలంటే 1.68తో గుణించండి. దాదాపు 7.7 కిలోలు. కొత్తగా పోసే నీటితో కొంత క్షారత్వం వస్తుంది, వినత్రీకరణం కొంత తిరిగి ఇస్తుంది కాబట్టి నిజానికి ఇంతకంటే తక్కువే సరిపోతుంది. అసలు వేయకపోతే మాత్రం క్షారత్వం అడుగంటి పీహెచ్ జారుతుంది, నత్రీకరణం మందగిస్తుంది. షోలెసింగ్ గొట్టంలో సున్నపురాయి ఆ పని చేసింది.

మీడియా ఎంత? చదరపు మీటరు ఉపరితలం రోజుకు 0.3 గ్రాముల అమ్మోనియా నత్రజనిని మారుస్తుందనుకుందాం. 644 గ్రాములకు సుమారు 2,150 చదరపు మీటర్లు. కే1 బిళ్ళలైతే 4.3 ఘనపు మీటర్లు. ఇక్కడ 0.3 అనేది ఉష్ణోగ్రత, ఆక్సిజన్, సేంద్రియ పదార్థాలను బట్టి మారే సంఖ్య. అమ్మకందారు ఇచ్చిన సంఖ్య ఏ పరిస్థితుల్లో కొలిచిందో అడగడం అలవాటు చేసుకోండి.

8. ఫిల్టర్ చనిపోయే దారులు

కరెంటు పోతే చేపలకు ఆక్సిజన్ అందదని అందరికీ తెలుసు. ఫిల్టర్‌కూ అందదు. నిలిచిన నీటిలో పొర తనకు దొరికిన ఆక్సిజన్‌ను త్వరగా వాడేసుకుని కుళ్ళడం మొదలుపెడుతుంది. చాలాసేపటి తరువాత పంపు వేసినప్పుడు ఫిల్టర్ నుంచి వచ్చే మొదటి నీటిని తొట్టెల్లోకి పోనివ్వకుండా బయటికి వదిలేయాలి.

కొరమీను విషయంలో ఒక ప్రత్యేకమైన ఉచ్చు ఉంది. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొరమీను నీటి పైకి వచ్చి గాలి పీల్చుకోగలదు. కరిగిన ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాములకు పడిపోయినా చేప హుషారుగానే కనిపిస్తుంది. రైతు నిశ్చింతగా ఉంటాడు. కానీ ఫిల్టర్‌లోని జీవులకు గాలి పీల్చే అవయవం లేదు. అవి మందగిస్తాయి, నాలుగు రోజులకు అమ్మోనియా పెరుగుతుంది. అప్పుడు మేతనో, విత్తనాన్నో తప్పుపడతారు. కొరమీను పెంచే షెడ్డులో ఆక్సిజన్‌ను తొట్టెలో కాదు, ఫిల్టర్ నుంచి బయటికి వచ్చే నీటిలో కొలవాలి.

మీడియాను కుళాయి నీటితో కడగకండి. అందులోని క్లోరిన్ బాక్టీరియాను చంపడానికే వేసింది. తొట్టెలోని నీటితోనే, కొంత భాగం చొప్పున, తేలికగా కడగాలి. జబ్బు చేసిన చేపలకు మెథిలీన్ బ్లూ, ఎరిత్రోమైసిన్ వంటివి వాడవలసివస్తే వేరే తొట్టెలో వాడాలి. ప్రసరణ నీటిలో కలిపితే జబ్బుతో పాటు నత్రీకరణం కూడా పోతుంది.

అన్నిటినీ చంపి శుభ్రం చేస్తే మంచిదే కదా అని కొందరు విద్యార్థులు అడుగుతారు. ఖాళీ అయిన చోటును ముందుగా ఆక్రమించేవి త్వరగా పెరిగే అవకాశవాద బాక్టీరియా. వ్యాధికారకాలు చాలావరకు ఆ కోవకు చెందినవే. నార్వేలోని ట్రోండ్‌హైమ్‌లో సముద్ర చేపల లార్వాలపై పనిచేసిన పరిశోధకులు నీటిని క్రిమిరహితం చేసి అలాగే వాడటం కన్నా, బయోఫిల్టర్ గుండా పంపి నెమ్మదిగా పెరిగే బాక్టీరియాతో నింపి వాడటం మేలని వాదించారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

అ) ఒక కొత్త ఆర్‌ఏఎస్‌లో 26వ రోజున మొత్తం అమ్మోనియా లీటరుకు 0.3 మి.గ్రా., నైట్రైట్ 4 మి.గ్రా., పీహెచ్ 6.6, క్షారత్వం 30 మి.గ్రా. రైతు రేపు పిల్లలను వదలాలనుకుంటున్నాడు. మీ సలహా ఏమిటి? ఏ రెండు విషయాలను ముందు సరిచేయాలి?

ఆ) ఏడో భాగంలోని షెడ్డులో మేతను 28 శాతం మాంసకృత్తులున్న రకానికి మార్చారు. ఆక్సిజన్, వంటసోడా, మీడియా అవసరాలను మళ్ళీ లెక్కించండి.

ఇ) ఫ్లాస్కులో నైట్రోసోమోనాస్ గెలిచి, మిల్వాకీ ఇసుక ఫిల్టర్‌లో కొమామాక్స్ నైట్రోస్పైరా ఎందుకు గెలిచిందో పది వాక్యాల్లో వివరించండి.